సిఫార్సు నియామకం కాదు.. నామినేషన్‌ వేస్తే పోటీ కాదు

ఖమ్మం: ‘‘మన జిల్లా న్యాయవాది హైకోర్టు న్యాయమూర్తి అయ్యారట.’’ ‘‘ఆ ఊరి సర్పంచి పదవి ఏకగ్రీవమట.’’ ఇటువంటి కబుర్లు సెల్‌ఫోన్‌ సందేశాల్లో క్షణాల్లో ఊరంతా చుట్టివస్తాయి. వాటిలో కొన్ని పచ్చి అబద్ధాలు. మరికొన్ని సగం నిజాలు. మొదటి మెట్టు మీదున్న వ్యవహారం చివరి మెట్టు ఎక్కినట్లు ప్రచారమవుతుంది. దానిని నమ్మి పోలింగ్‌కు వెళ్లని ఓటరుకు మళ్లీ అవకాశం రావాలంటే అయిదేళ్లు ఆగాలి. అందుకే ఏ వార్త విన్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. వ్యవహారం ఏ దశలో ఉంది? ఆ దశకు చెందిన అధికారిక పత్రం ఎవరు విడుదల చేశారు?

న్యాయమూర్తుల ఎంపిక ఇలా..

హైకోర్టు న్యాయమూర్తుల పదవులకు పేర్లను తొలుత ఆ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, మరో ఇద్దరు సీనియర్‌ న్యాయమూర్తులతో కూడిన కొలీజియం ప్రతిపాదిస్తుంది. అవి ప్రభుత్వం ద్వారా సుప్రీంకోర్టు కొలీజియానికి చేరతాయి. అక్కడ ఆమోదం లభించినా అది సిఫార్సు మాత్రమే. రాజ్యాంగంలోని 217వ అధికరణ ప్రకారం నియమించేది రాష్ట్రపతి. కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌ వెలువడేదాకా నియామకం జరిగినట్లు కాదు. సిఫార్సుకు, నోటిఫికేషన్‌కు నడుమ నెలలు గడిచిన సందర్భాలు, కేంద్రం పేర్లను తిప్పి పంపిన సందర్భాలు ఉన్నాయి.

కొలీజియం తీర్మానాలను 2017 అక్టోబరు నుంచి సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో ఉంచుతున్నారు. నియామక ఉత్తర్వులు కేంద్ర న్యాయశాఖ వెబ్‌సైట్‌లో లభిస్తాయి. మొదటిది ఉండి రెండోది లేకపోతే అభినందనలకు ఇంకా వేళ కాలేదన్నమాట.

పంచాయతీ పోరులో..

స్థానిక సంస్థల ఎన్నికలు నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు చూసే భారత ఎన్నికల సంఘానికి వీటితో సంబంధం లేదు. కాబట్టి షెడ్యూలు, నిబంధనల కోసం రాష్ట్ర సంఘం ప్రకటనలనే చూడాలి.

నామినేషన్‌ వేసినంత మాత్రాన బరిలో నిలిచినట్లు కాదు. పరిశీలన, ఉపసంహరణ పూర్తయ్యాక రిటర్నింగ్‌ అధికారి తుది జాబితా ప్రకటిస్తారు. చివరకు ఒక్కరే మిగిలితే ఏకగ్రీవం. ఊరి పెద్దలు కూర్చుని తీర్మానించుకుంటే అది చట్టప్రకారం ఎన్నిక కాదు. సర్పంచి ఏకగ్రీవమైనా, వార్డు సభ్యుల స్థానానికి పోటీ ఉంటే ఆ వార్డులో పోలింగ్‌ జరుగుతుంది.

గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీరహితం. తెలంగాణలో 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగిన ఎన్నికలూ అంతే. ఏ పార్టీకి ఎన్ని సర్పంచి స్థానాలు దక్కాయనే లెక్కలు మద్దతుదారుల ఆధారంగా వేసుకున్నవే తప్ప అధికారిక ఫలితాలు కావు. మండల, జిల్లా పరిషత్‌ ప్రాదేశిక స్థానాలకు మాత్రం పార్టీ గుర్తులపై పోటీ ఉంటుంది.

ఓటరు చేయవలసింది

* ఓటరు కార్డు చేతిలో ఉంటే చాలదు. వార్డు ఓటర్ల జాబితాలో పేరుందో లేదో పంచాయతీ కార్యాలయంలో ముందే సరిచూసుకోవాలి.
* కేసులు, ఆస్తులు, అప్పులు, విద్యార్హతలపై అభ్యర్థి ఇచ్చిన స్వీయ ప్రకటనను రిటర్నింగ్‌ అధికారి వద్ద చూడవచ్చు. అవి అభ్యర్థి స్వయంగా చెప్పుకొన్న వివరాలని గుర్తుంచుకోవాలి.
* తేదీ, సంతకం లేని జాబితా సందేశంగా వస్తే ఇతరులకు పంపకూడదు. అసలు ప్రతితో పోల్చి చూసిన తరువాతే నమ్మాలి.