ఆపరేషన్ అయినా కాలు మానకపోతే...

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, చదువు గురించి కాకుండా మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుదామనుకున్నాం. మన హాస్టల్లో చదివిన వాళ్ళందరివీ ఇంచుమించు ఒకే రకం ఇళ్ళు. మాకు జరిగింది రేపు మీ ఇంట్లోనూ జరగవచ్చు. అప్పుడు మాలాగా ఆలస్యం చేయకూడదనే ఈ నాలుగు మాటలు.

మాది నాగావళి ఒడ్డున చిన్న పల్లె. నాన్న కూలి పనికి వెళ్తాడు. ఒకనాడు గట్టు మీద ఈత పొదలు నరుకుతుంటే కుడికాలి బొటనవేలి మొదట్లో ముల్లు దిగింది. పీకి పారేసి పనిలో పడ్డాడు. నెలన్నర తర్వాత అదే కాలికి పార తగిలింది. వేలు వాచింది. ఊళ్లో సూదిమందు వేయించినా తగ్గకపోతే పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్లాం. "ఏం తగిలింది?" అని డాక్టరు గారు అడిగితే "పార తగిలింది" అన్నాం. ముల్లు మాట మాకు గుర్తే లేదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. కోసి చీము తీశారు. మూడు వారాల్లో పుండు మానింది. రెండు నెలలకు అదే చోట చిన్న పొక్కు లేచి రసి కారడం మొదలైంది. మళ్ళీ కోశారు. మళ్ళీ మానింది, మళ్ళీ లేచింది.

ఈసారి వేరే డాక్టరు దగ్గరకు వెళ్ళాం. కొత్త ఎక్స్‌రే చూసి, ఎముకకు చీము పట్టిందని, బొటనవేలు తీసేయడం మంచిదని చెప్పారు. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. నాన్న మాత్రం "యేలు పోతే గట్టు మీద కాలు నిలబడదు బాబూ, బురదలో పని ఎలాగ సేత్తాను?" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అప్పటికే రెండు ఆపరేషన్లకు చేసిన అప్పు నెత్తి మీద ఉంది.

అప్పుడు మన హాస్టల్లోనే చదివి నర్సుగా పనిచేస్తున్న ఒక అన్నకు ఫోన్ చేశాం. "వేలు తీయడానికి ఒప్పుకునే ముందు ఇంకొకరికి చూపించండి. కానీ ఉత్తి చేతులతో వెళ్లొద్దు, పాత కాగితాలన్నీ పట్టుకెళ్లండి" అన్నాడు. మా దగ్గర మందుల చీటీలు తప్ప ఏమీ లేవు. మొదటి ఆసుపత్రికి వెళ్లి అడిగితే డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ వివరాలు, ఎక్స్‌రే ఫిల్ములు ఇచ్చారు. అడగాలని మాకు తెలియలేదు, అంతే.

విశాఖలో మూడో డాక్టరు గారు ఎక్స్‌రే చూడకముందే నాన్నను కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పమన్నారు. ఆ మాటల్లోనే ఈత ముల్లు సంగతి బయటికొచ్చింది. వెంటనే ఆ చోట అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించారు. లోపల ముల్లు ముక్క ఉంది. ఆపరేషన్ చేసి తీస్తే వడ్లగింజంత ఉంది. ఎముక దగ్గరి కండను, చీమును పరీక్షకు పంపి, వచ్చిన ఫలితాన్ని బట్టి ఆరు వారాలు మందులు వాడించారు. వేలు నిలిచింది. అయితే మునుపటిలా వంగదు, ఎక్కువ దూరం నడిస్తే నొప్పి పెడుతుంది. అప్పు ఇంకా తీరుతూనే ఉంది.

ఎక్స్‌రేలో ముల్లు ఎందుకు కనబడలేదు? ఎక్స్‌రే కిరణాలను ఎముక, ఇనుము ఎక్కువగా అడ్డుకుంటాయి కనుక అవి తెల్లగా పడతాయి. గాజు పెంకు కూడా చాలావరకు కనబడుతుంది. కర్ర, ముల్లు కండలాగే కిరణాలను వదిలేస్తాయి కనుక చాలాసార్లు ఆనవాలు దొరకదు. అల్ట్రాసౌండ్ ధ్వని తరంగాలతో పనిచేస్తుంది కాబట్టి అది పట్టుకోగలదు. ముల్లు ముక్క ఎముక పక్కన ఉండిపోతే ఆ ఎముక చీము పట్టినట్టే కనబడవచ్చు. కాబట్టి రెండో డాక్టరు గారు ఎక్స్‌రేలో చూసింది అబద్ధం కాదు. మేము చెప్పని మాట ఆయనకూ తెలియలేదు. తప్పులో మా వాటా ఉంది.

ఆపరేషన్ అయ్యాక కాలు మానకపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. షుగరు అదుపులో లేకపోయినా, కాలికి రక్తం సరిగా అందకపోయినా పుండు మానదు. పుండు ఉన్నా నొప్పి తెలియడం లేదంటే నరాల స్పర్శ పోయిందేమో చూడాలి. షుగరులోనూ, కుష్ఠులోనూ అలా జరుగుతుంది. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి పేరు మన వైపు పెద్దలందరికీ తెలుసు. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లకు మదురా పాదం అనే జబ్బు వస్తుంది. 1842లో మదురైలో గుర్తించడం వల్ల ఆ పేరు వచ్చింది. మట్టిలోని బూజు గానీ, కొన్ని బ్యాక్టీరియా గానీ గాయంలోంచి లోపలికి పోయి, పాదం వాచి, కన్నాలు పడి, రసితో పాటు నలకల్లాంటివి వస్తాయి. ఏ సూక్ష్మజీవో పరీక్షలో తేల్చకుండా కోస్తే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. ఇవన్నీ కాక, పుండు ఆరకముందే పనిలోకి దిగడం మన ఇళ్ళలో అన్నిటికంటే మామూలు కారణం.

1985లో వచ్చిన 'మయూరి' సినిమా మీలో కొందరు చూసే ఉంటారు. అందులో నటించిన సుధాచంద్రన్ సొంత కథే అది. 1981లో బస్సు ప్రమాదంలో గాయపడిన ఆమె కాలు కుళ్లిపోయి, చివరికి తీసేయాల్సి వచ్చింది. జైపూర్ కాలుతో ఆమె మళ్ళీ నాట్యం చేశారు. ఆమె పట్టుదలను అందరూ చెబుతారు. కాలి గాయాన్ని చిన్నదిగా చూడకూడదని కూడా ఆ కథ చెబుతుంది.

మా అనుభవం మీద చెప్పదలచినవి ఇవి:

1. రెండో డాక్టరును అడగడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఇదీ ఒక హక్కు.

2. కాగితాలు అడగండి. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం, రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. డాక్టరు వాటిని మూడేళ్లు భద్రపరచాలి.

3. జరిగింది మొదటి రోజు నుంచి తేదీల వారీగా ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. చిన్న విషయమని ఏదీ వదలొద్దు.

4. "జబ్బు ఇదేనని ఏ పరీక్ష వల్ల తెలిసింది? వేరే దారి ఏమైనా ఉందా? ఎన్ని రోజులు ఆగవచ్చు?" ఈ మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి.

5. అన్నిసార్లూ ఆగకూడదు. వేలు నల్లబడినా, ఎరుపు పైకి పాకుతున్నా, కాలు కుళ్ళు వాసన వేస్తున్నా, చలిజ్వరం వచ్చినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి. మా మిత్రుడి మామయ్యకు షుగరు. వేలు తీయాలంటే ఒప్పుకోక నలుగురి చుట్టూ తిరిగారు. చివరికి మోకాలి కింద వరకు తీయాల్సి వచ్చింది. రెండో మాట అడగడం వేరు, మనకు నచ్చిన మాట దొరికేదాకా తిరగడం వేరు.

ఖర్చు గురించి ఒక మాట. ఆరోగ్యశ్రీ 2007లో మొదట ప్రారంభించిన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఏ చికిత్స దాని కిందికి వస్తుందో చేరకముందే ఆసుపత్రిలో అడగాలి. 1923 నుంచి విశాఖ కేజీహెచ్ మన మూడు జిల్లాల వాళ్లకూ దిక్కుగా ఉంది. శ్రీకాకుళంలో 2008లో, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు కూడా మొదలయ్యాయి. మేము ముందే అటు వెళ్లి ఉంటే అప్పు ఇంత అయ్యేది కాదు.

తమ్ముళ్లారా, మా ఇంట్లో డిగ్రీ దాటింది మేమే మొదలు. అయినా నాన్న కాలికి ఏం చేశారో మొదటి రెండుసార్లూ చదివి చూడలేదు. డాక్టరు గారు చెబితే తలూపి వచ్చేశాం. మన ఇళ్ళలో ఆ చీటీ చదవగలిగేది మనమే. హాస్టల్లో బట్టలు దాచుకున్న మా ట్రంకు పెట్టెలో ఇప్పుడు నాన్న ఎక్స్‌రేలు, కాగితాలు ఉన్నాయి. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మీ వాళ్ళ కాగితాలు కూడా ఒక సంచిలో వేసి, పైన పేరు, తేదీ రాసి పెట్టండి. అలాగే ఒకసారి అమ్మానాన్నల అరికాళ్ళు చూడండి. నొప్పి ఉన్నా వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.