ఒక రబ్బరు రింగు, దిగని చక్రం

2007 అక్టోబర్ 27న నార్వేలోని బెర్గెన్ నుంచి వచ్చిన ఎస్ఏఎస్ సంస్థ డాష్ 8 క్యూ400 విమానం కోపెన్‌హాగన్‌లో దిగబోతుండగా కుడివైపు ప్రధాన చక్రాలు పూర్తిగా కిందికి రాలేదు. అంతకు ముందు సెప్టెంబరులో ఆల్‌బోర్గ్, విల్నియస్ విమానాశ్రయాల్లో ఇదే రకం విమానాలకు కుడి చక్రాలే మొరాయించాయి. ఆల్‌బోర్గ్‌లో విరిగిన ప్రొపెల్లర్ ముక్కలు క్యాబిన్‌లోకి చొచ్చుకొచ్చాయి. అందుకే ఈసారి పైలట్లు కుడి ఇంజన్‌ను ముందే ఆపేసి దిగారు. ఎవరికీ తీవ్ర గాయాలు కాలేదు.

ముందటి ఘటనలకు కారణం తుప్పు: చక్రాలను కదిలించే యాక్చుయేటర్ కడ్డీ మరలను అది తినేయడంతో కొస ఊడిపోయింది. ఈసారీ తుప్పునే అనుమానించడం సహజం. తీరా చూస్తే దోషి ఓ-రింగ్. ద్రవం బయటికి కారకుండా అతుకుల దగ్గర బిగించే రబ్బరు చుట్ట ఇది. చక్రాలు దబ్బున పడకుండా హైడ్రాలిక్ ద్రవాన్ని సన్నని రంధ్రం గుండా నెమ్మదిగా పంపే వాల్వు ఒకటుంటుంది. ఉండాల్సిన చోట ఉండని రింగు ఆ రంధ్రానికి అడ్డుపడింది. ద్రవం కదలకపోతే యాక్చుయేటరూ కదలదు. అలాంటప్పుడు చక్రాల సొంత బరువు కూడా పెద్దగా అక్కరకు రాదు.

సాధారణంగా చక్రాల మరమ్మతు తర్వాత విమానాన్ని జాకీలపై లేపి చక్రాలను ముడిచి, దించి చూస్తారు. అయితే ఆ క్షణంలో పక్కకున్న రింగు తర్వాత ఎప్పుడో రంధ్రం దగ్గరికి చేరవచ్చు. ఇలాంటి లోపాన్ని పట్టుకోవడం నిజంగానే కష్టం. కోపెన్‌హాగన్ ఘటన జరిగిన మర్నాడే ఎస్ఏఎస్ తన క్యూ400 విమానాలన్నిటినీ శాశ్వతంగా పక్కన పెట్టింది.