కరగడానికే పుట్టిన దిమ్మ

ముప్ఫై అడుగుల తెరచాప పడవను క్రేనుతో నీళ్లలోంచి ఎత్తి ఒడ్డున నిలబెట్టగానే యజమాని ముందుగా వంగి చూసేది దాని పొట్ట కిందికి. అక్కడ ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ, రెండు సగాలు కలిపి బిగించిన జింకు దిమ్మ ఒకటుంటుంది. నిరుడు బిగించినప్పుడు అది నున్నగా, వెండిలా మెరిసింది. ఇప్పుడు ఎలుకలు కొరికిన బెల్లం అచ్చులా ఉంది. ఒంటి నిండా గుంటలు, అంచుల్లో తెల్లటి పొక్కు. గోటితో గీకితే సున్నంలా రాలుతుంది. పక్కనే ఉన్న ప్రొపెల్లర్ మాత్రం చెక్కు చెదరలేదు. దిమ్మ అరిగిందంటే దాని పని అది చేసిందన్నమాట.

అలెన్ కీతో బోల్టులు విప్పాలి. షాఫ్టును వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తోమాలి. కొత్త దిమ్మను లోహానికి లోహం తగిలేలా బిగించాలి. దాని మీద రంగు చుక్క కూడా పడకూడదు. మొత్తం పావుగంట పని. పడవ మరమ్మతు పెట్టెలో ఇంత చవకైన వస్తువుకు ఇంత పెద్ద చరిత్ర ఉండటం ఆశ్చర్యమే.

ఆ చరిత్ర ఓడ పురుగుతో మొదలవుతుంది. పేరుకు పురుగే గాని, అది ఆల్చిప్పల వర్గానికి చెందిన జీవి. చెక్కలోకి దూరి సొరంగాలు తొలుస్తుంది. దాని బాధ పడలేక బ్రిటిష్ నౌకాదళం 1761లో ‘అలారం’ అనే యుద్ధనౌక అడుగుకు పలచని రాగి రేకులు తొడిగింది. వెస్టిండీస్ తిరిగొచ్చాక చూస్తే చెక్క భద్రంగానే ఉంది. కానీ రేకులను పట్టి ఉంచిన ఇనప మేకులు చాలాచోట్ల పిండైపోయాయి. కొన్ని మేకులు మాత్రం కొత్తవాటిలా మిగిలాయి. కారణం వెతికితే దొరికింది గోధుమరంగు కాగితం! రేకులు చుట్టి పంపిన ఆ కాగితాన్ని కొన్నిచోట్ల ఒలవకుండానే మేకులు కొట్టేశారు. అలా కాగితం అడ్డుపడి రాగి, ఇనుము ఒకదానికొకటి తగలని చోట ఇనుము బతికింది.

అది ఎందుకో చెప్పగల శాస్త్రం అప్పటికి పుట్టలేదు. 1800లో వోల్టా తొలి బ్యాటరీని చేసి చూపాకే విషయం తేటపడింది. రెండు వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఉప్పునీటిలో మునిగితే అదొక బ్యాటరీ. వాటిలో చురుకైన లోహం ఎలక్ట్రాన్లను రెండోదానికి ఇచ్చేస్తూ తాను నీటిలో కరిగిపోతుంది. అవి అందుకున్న లోహం నిలుస్తుంది. రాగి పక్కన ఇనుము చురుకైనది. ఇనుము పక్కన జింకు ఇంకా చురుకైనది.

ఈ నష్టాన్నే లాభంగా మార్చవచ్చని పట్టుకున్నవాడు హంఫ్రీ డేవీ. రాగి రేకులు సముద్రంలో త్వరగా అరిగిపోతున్నాయని నౌకాదళం సలహా అడిగితే, 1824 జనవరిలో రాయల్ సొసైటీ ముందు జవాబు పెట్టాడు. బఠాణీ గింజంత జింకు ముక్క 40, 50 చదరపు అంగుళాల రాగిని కాపాడుతుందని ప్రయోగాల్లో తేలింది. ఆ ప్రయోగాల్లో అతనికి చేదోడుగా నిలిచింది మైకేల్ ఫారడే. ఆ ఏడాదే ‘సమరాంగ్’ అనే యుద్ధనౌకకు పోత ఇనుము దిమ్మలు బిగించి నోవా స్కోషియాకు పంపారు. ఆ ఓడ మన కొచ్చిలో టేకుతో కట్టింది. రాగి చక్కగా నిలిచింది.

అయినా ఆ పద్ధతి మూలపడింది. రాగి కొద్దికొద్దిగా కరిగి నీటిలో కలవడం వల్లే గుల్ల జీవులు, నాచు దాన్ని అంటుకునేవి కావు. కరగడం ఆగేసరికి ఓడ అడుగున అవి గుత్తులు గుత్తులుగా పెరిగాయి. ఓడల వేగం పడిపోయింది, నౌకాదళం దిమ్మలు ఊడబీకించింది. డేవీ 1829లో జెనీవాలో, యాభై ఏళ్లకే కన్నుమూశాడు. అతని రసాయనశాస్త్రంలో తప్పు లేదు. తాను కరగకుండా నిలవడం, జీవాలను తరమడం అనే రెండు పనులను ఒకే రాగి రేకు మోస్తోందన్నది లెక్కలోకి రాలేదు, అంతే. తర్వాత ఇనప ఓడలొచ్చి ఆ రెండు పనులనూ విడదీశాయి. నాచును ఆపడానికి విషపు రంగు, తుప్పును ఆపడానికి జింకు. ఈనాటి చిన్న పడవ కిందా అదే ఏర్పాటు.

దిమ్మకు శాస్త్రీయ నామం కూడా ఆలస్యంగానే వచ్చింది. ‘ఆనోడ్’ అనే మాటను ఫారడే వాడుకలోకి తెచ్చింది 1834లో. జింకుకు మనకున్న పాతపేరు తుత్తునాగం. ఒకప్పుడు ఐరోపా వర్తకులు జింకును పిలిచిన ‘టూటెనాగ్’ దానికి చుట్టమే.

ఏ జింకు పడితే అది పనికిరాదు. అందులో ఇనుము లక్షకు ఐదు పాళ్లు దాటితే చాలు, దిమ్మ పైన గట్టి పొర కట్టి మొద్దుబారిపోతుంది. మంచినీటిలో మేలిరకం జింకుకూ అదే గతి. అందుకే నదుల్లో, సరస్సుల్లో తిరిగే పడవలకు మెగ్నీషియం బిగిస్తారు. మన ఇళ్లలో చాలా గీజర్ల ట్యాంకుల్లో ఉండే కడ్డీ కూడా మెగ్నీషియమే. మెకానిక్ దాన్ని బయటికి తీసి చూపించినప్పుడు కనిపించే సన్నటి అరిగిన పుల్ల, డేవీ దిమ్మకు దగ్గరి బంధువు. ఉప్పు, మంచినీరు కలిసే చోట్లకు ఇండియం కలిపిన అల్యూమినియం దిమ్మలు నప్పుతాయి.

దిమ్మ పూర్తిగా కరిగిపోయినా పట్టించుకోకపోతే దెబ్బ తగిలేది ప్రొపెల్లర్‌కే. ‘మాంగనీస్ బ్రాంజ్’ పేరుతో అమ్మే ప్రొపెల్లర్లలో దాదాపు 40 శాతం జింకే ఉంటుంది. అంటే అది ఇత్తడి. సముద్రం అందులోని జింకును లాగేసుకుంటే గుల్లబారిన రాగి మిగులుతుంది. రెక్క మీద గులాబీ రంగు మచ్చ కనిపిస్తే అదే గుర్తు. చిన్న సుత్తితో తడితే ఖంగుమనాల్సిన రెక్క మూగగా చప్పుడు చేస్తుంది.

మరి నాలుగు దిమ్మలు ఎక్కువ బిగిస్తే నిశ్చింత కదా అనిపిస్తుంది. చెక్క పడవల్లో అది ప్రమాదం. రక్షణ ఎక్కువైతే కాపాడబడే లోహం చుట్టూ క్షారం పుట్టి, బోల్టు పట్టుకున్న చెక్కనే పీచుపీచుగా మెత్తబరుస్తుంది. అందుకే జింకు పక్కన మరో సాధనం పెట్టెలో ఉండాలి. పొడవాటి వైరు చివర వెండి–వెండి క్లోరైడ్ ఎలక్ట్రోడ్. దాన్ని పడవ పక్కన నీటిలోకి వదిలి, వైరు రెండో కొసను మామూలు మల్టీమీటర్‌కు తగిలించి, మీటర్ రెండో వైరు కొసను షాఫ్టుకు ఆనిస్తే అంకె కనిపిస్తుంది. దిమ్మ లేనప్పటి కంటే ఆ అంకె కనీసం 200 మిల్లీవోల్టులు రుణాత్మకం వైపు జరిగితే రక్షణ చాలినట్టు. పడవ నీటిలో ఉండగానే, మనం మునిగి చూడకుండానే తెలిసే సంగతి ఇది.

మెరీనాలో ఒడ్డు కరెంటు తీసుకునే పడవలకు ఇంకో చిక్కుంది. ఎర్త్ వైరు అన్ని పడవలనూ కలిపేస్తుంది. పక్క పడవకు దిమ్మ లేకపోతే దాని ప్రొపెల్లర్‌ను కూడా మన జింకే పోషించాలి. ఎర్త్ వైరులో బిగించే గాల్వానిక్ ఐసొలేటర్ పడవల మధ్య ఇలా పారే చిన్న కరెంటును తన డయోడ్లతో ఆపేస్తుంది. షాక్ కొట్టే ప్రమాదం వస్తే మాత్రం పెద్ద కరెంటును పోనిస్తుంది.

జాగ్రత్తపరులు పాత దిమ్మను పారేసే ముందు తూకం వేసి నోటుబుక్కులో రాసుకుంటారు. కిలో జింకు కరిగితే సుమారు 780 ఆంపియర్–అవర్ల విద్యుత్తు ఇచ్చినట్టు. ఏడాదిలో అరకిలో తగ్గితే, రాత్రీ పగలూ సగటున 45 మిల్లీ ఆంపియర్లు పారిందన్నమాట. మరుసటి ఏడు అదే రేవులో అలాంటి దిమ్మే ఆరు నెలలకే సగానికి వస్తే, పడవలోనో పక్క పడవలోనో ఏదో వైరు దెబ్బతిందని అనుమానించి, మల్టీమీటర్ పట్టుకుని వెతకడం మొదలుపెడతారు.