బొమ్మ ఇంజన్‌కి కమ్మీ విడిగా ఎందుకు?

పుల్లలచెరువులో రైలు కూత వినపడదు. కానీ ఆ ప్రాంతంలోనే ఉన్న దొనకొండలో ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డే ఉండేది. అక్కడి మీదుగా వెళ్లే గుంటూరు–గుంతకల్లు దారి అప్పట్లో మీటర్‌గేజ్. పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. మీటర్‌గేజ్‌లో ప్రయాణికుల బండికి వైపీ రకం ఇంజన్, గూడ్సుకు వైజీ వాడేవారు.

అలాంటి ఇంజన్‌ను 87వ వంతుకు కుదించి బొమ్మ చేస్తే, బాయిలరు వెంబడి చేత్తో పట్టుకునే 26 మిల్లీమీటర్ల లావున్న కమ్మీ 0.3 మిల్లీమీటర్లవుతుంది. గుండుసూదికన్నా సన్నం!

అంత సన్నటిదాన్ని విడిగా బిగించడం ఎందుకు? బాయిలరుతో కలిపి పోత పోస్తే కమ్మీ ఉబ్బెత్తు గీతలా ఉండిపోతుంది. విడి తీగ వెనక సందుంటుంది. వెలుగు పడగానే బాయిలరు మీద నీడ గీస్తుంది. ఇంజన్‌కు ప్రాణం పోసేది ఆ నీడే.

మరి ఎలా? ఇత్తడి తీగను రెండు మార్కాపురం పలకల మధ్య పెట్టి దొర్లించండి, తిన్నగా అవుతుంది. బాయిలరుకు సన్నటి బెజ్జాలు వేసి, తలలో రంధ్రమున్న బుల్లి మేకులు గుచ్చి, వాటిలోంచి తీగ దూర్చాలి. జిగురు సూదిమొనంత చాలు. ఎక్కువైతే రంగు వేశాక గడ్డలా తేలుతుంది.

ఈల, సేఫ్టీ వాల్వు ఎక్కడ పెట్టాలో మాత్రం ఊహించొద్దు. అసలు ఇంజన్ పాత ఫొటో ముందు పెట్టుకోండి.