టోబా బటక్ కొండ పల్లెలో భూమి, బంధుత్వం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• బటక్ పల్లె నిర్మాణాన్ని వర్ణించగలుగుతారు.
• బంధుత్వ వ్యవస్థకూ భూమి హక్కుకూ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• ఆచార హక్కు ఎవరిని కాపాడుతుందో, ఎవరిని వెలుపల ఉంచుతుందో చర్చించగలుగుతారు.

1. పరిచయం

'ఈ పొలం ఎవరిది?' అని అడిగితే మనం సాధారణంగా పాసుపుస్తకంలో ఉన్న పేరు చెబుతాం. ఇండోనేషియాలోని సుమత్రా కొండల్లో ఉండే టోబా బటక్ రైతును ఇదే ప్రశ్న అడిగితే సమాధానం ఒక పేరుతో ముగియదు. ఆ పల్లెను స్థాపించిన వంశం ఏది, ఆ వంశానికి పిల్లనిచ్చింది ఎవరు, దాని ఆడపిల్లలు ఏ ఇళ్లకు వెళ్లారు అనే విషయాలన్నీ అందులోకి వస్తాయి. భూమి హక్కు బంధుత్వంలో నాటుకొని ఉన్న సమాజానికి ఇది మంచి ఉదాహరణ. అటువంటి హక్కుకు ఉన్న బలమేమిటో, లోటు ఏమిటో ఇప్పుడు పరిశీలిద్దాం.

2. ప్రాంతం, ప్రజలు

ఉత్తర సుమత్రాలోని టోబా సరస్సు పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. దాని నీటిమట్టం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సుమారు 74,000 సంవత్సరాల క్రితం బద్దలైన మహా అగ్నిపర్వతం మిగిల్చిన గుంటలో ఈ సరస్సు ఏర్పడింది. ఆనాటి బూడిద పొర మన నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం వద్ద నేటికీ కనిపిస్తుంది.

బటక్ ప్రజల్లో టోబా, కరో, సిమలుంగున్, పక్‌పక్, అంకోలా, మందైలింగ్ అనే శాఖలున్నాయి. ఈ పాఠం ప్రధానంగా టోబా శాఖకు సంబంధించినది. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో జర్మన్ మిషనరీల ప్రభావంతో టోబా బటక్‌లలో అధిక సంఖ్యాకులు ప్రొటెస్టెంట్ క్రైస్తవులయ్యారు. అయినా పెళ్లి, చావు, భూమి విషయాల్లో 'అదాత్' అనే ఆచార నియమావళి చర్చితో పాటు కొనసాగుతూనే ఉంది.

3. పల్లె నిర్మాణం

టోబా పల్లెను 'హుటా' అంటారు. సంప్రదాయ హుటా చాలా చిన్నది. చుట్టూ మట్టితోనో రాళ్లతోనో కట్టిన గోడ, దాని మీద దట్టమైన వెదురు పొద ఉంటాయి. లోపల ఒక వరుసలో ఇళ్లు, వాటికి ఎదురుగా మరో వరుసలో ధాన్యపు కొట్లు, నడుమ వాకిలి ఉంటాయి. ఇళ్లను కొయ్య స్తంభాల మీద ఎత్తుగా కడతారు. పూర్వం ఇంటి కింది జాగాలో పశువులను కట్టేసేవారు. వాకిట్లో ధాన్యం ఆరబోస్తారు, విందులూ తగవులూ అక్కడే జరుగుతాయి. గోడ దాటితే వరి మడులు, ఆపై మెట్ట పొలాలు, వాటికి పైన అడవి. వరితో పాటు కాఫీ, ఉల్లి కూడా పండిస్తారు.

హుటాను స్థాపించిన పురుషుడి సంతతికి అక్కడి భూమిపై మొదటి హక్కు ఉంటుంది. పల్లె పెద్దరికం కూడా వారిదే. ఆ వంశపు అల్లుడు వచ్చి అక్కడ స్థిరపడితే భూమి సాగు చేసుకోవచ్చు, కానీ ఆచారం ప్రకారం పెద్దరికం అతనికి దక్కదు.

4. మూడు పొయ్యి రాళ్లు

టోబా సమాజం పితృవంశీయమైనది. 'మర్గా' అనే వంశనామం తండ్రి నుంచి పిల్లలకు వస్తుంది. ఒకే మర్గాలో పెళ్లి నిషిద్ధం. ప్రతి కుటుంబానికి మూడు రకాల బంధువులుంటారు:

• దొంగాన్ తుబు: ఒకే వంశంలో పుట్టిన దాయాదులు.
• హులాహులా: ఈ వంశానికి పిల్లనిచ్చినవారు.
• బోరు: ఈ వంశపు పిల్లను తీసుకున్నవారు.

ఈ ఏర్పాటు పేరు 'దలిహాన్ న తొలు'. అంటే మూడు పొయ్యి రాళ్లు. ఒక రాయి తీసేస్తే కుండ నిలవదు. అలాగే ఈ ముగ్గురిలో ఒకరు లేకపోయినా శుభకార్యం గానీ పంచాయితీ గానీ పూర్తి కాదు.

ఇక్కడ పిల్లనిచ్చినవారిదే పైచేయి. వారి ఆశీస్సు ఉంటేనే సంతానం, పంట బాగుంటాయని నమ్మకం. కన్యాశుల్కం వరుడి వైపు నుంచి వస్తుంది. వధువు వైపువారు 'ఉలోస్' అనే నేత వస్త్రం కప్పి దీవిస్తారు. విందులో కోసిన జంతువు మాంసాన్ని కూడా వరుసను బట్టే పంచుతారు, ఎవరి భాగం వారికి ముట్టాలి. మేనమామ కూతురిని చేసుకోవడం మంచి సంబంధం. మేనత్త కూతురిని మాత్రం చేసుకోకూడదు. మేనత్త మెట్టినింటివారు మన పిల్లను తీసుకున్నవారు. తిరిగి వారి పిల్లను తెచ్చుకుంటే ఇచ్చేవారెవరో పుచ్చుకునేవారెవరో తేల్చలేం.

5. కొడుకులు, కూతుళ్లు, పొలం

ఆచారం ప్రకారం పొలానికి వారసులు కొడుకులు. దీనివల్ల ఒక మేలుంది. పొలం వంశానికి చెందినది కాబట్టి ఒక్కడు తన ఇష్టానుసారం పరాయివారికి అమ్మలేడు. దాయాదుల మాట వినాలి. మేడాన్‌కో జకార్తాకో వలస వెళ్లినవాడి చోటు కూడా పల్లెలో చెరిగిపోదు.

లోటు కూడా ఇక్కడే ఉంది. కూతురు పుట్టింటి పొలాన్ని వారసత్వంగా అడగలేదు. తండ్రి ప్రేమతో పెళ్లినాడు ఒక మడి ఇవ్వవచ్చు. దీన్ని 'పౌసెయాంగ్' అంటారు. భూమి రూపంలో ఇచ్చే ఇటువంటి కానుకను 'ఎన్నటికీ చిరగని ఉలోస్' అని చెప్పుకుంటారు. అయితే ఇది తండ్రి దయతో దక్కేది, కూతురు హక్కుగా అడిగేది కాదు. కొడుకులు లేని ఇంట్లో తండ్రి చనిపోతే పొలం మగ దాయాదులకు పోయే ప్రమాదం ఉండేది.

ఇదే సమస్య కరో బటక్ కుటుంబం ఒకదానిలో తలెత్తి న్యాయస్థానానికి చేరింది. తండ్రి ఆస్తిలో కూతురికి కూడా కొడుకుతో పాటు వాటా ఉందని ఇండోనేషియా సుప్రీంకోర్టు 1961లో తీర్పునిచ్చింది. తీర్పు వచ్చినంత మాత్రాన ఆచారం మారిపోలేదు. అన్నదమ్ములపై కోర్టుకెక్కిన స్త్రీ రేపు తన ఇంటి శుభకార్యానికి వారినే పెద్దలుగా పిలవాలి. తన పిల్లలకు వారే మేనమామలు, ఆశీస్సు ఇవ్వవలసినవారు. వాటా కోసం పొయ్యి రాయిని కదిలించాలా అన్న ప్రశ్న ఆమెను వెనక్కి లాగుతుంది.

6. గోడకు ఆవల: సాంబ్రాణి అడవి

మన ఇళ్లలో ధూపం వేసే సాంబ్రాణిలో సుమత్రా సాంబ్రాణి ప్రసిద్ధమైనది. బటక్ కొండ అడవుల్లోని చెట్ల బెరడుకు గాటు పెట్టి, కారి గట్టిపడిన బంకను గీకి దీన్ని సేకరిస్తారు. పశ్చిమ తీరంలోని బారుస్ రేవు కర్పూరం, సాంబ్రాణి వర్తకానికి పేరుపొందింది. ఆ ప్రాంతంలో 1088 నాటి తమిళ వర్తక సంఘపు శాసనం దొరికింది.

ఏ చెట్లు ఏ కుటుంబానివో పల్లెలో అందరికీ తెలుసు, కానీ కాగితం మీద అది ప్రభుత్వ అడవి. కాగితపు గుజ్జు పరిశ్రమకు అడవిని అప్పగించినప్పుడు సాంబ్రాణి చెట్లు కూడా నరికివేతకు గురయ్యాయి. హుంబాంగ్ హసుందుతాన్ జిల్లాలో పండుమాన్, సిపితుహుటా గ్రామాల ప్రజలు దీన్ని ఎదిరించారు. ఆచార అడవులు ప్రభుత్వ అడవుల్లో భాగం కావని ఇండోనేషియా రాజ్యాంగ న్యాయస్థానం 2013లో తీర్పు చెప్పింది. 2016 డిసెంబరులో గుర్తింపు పొందిన తొమ్మిది సమూహాల్లో ఈ గ్రామాలు కూడా ఉన్నాయి.

7. సారాంశం

టోబా బటక్ పల్లెలో భూమి హక్కు వంశం మీద, పెళ్లి సంబంధాల మీద ఆధారపడుతుంది. ఆ అల్లిక పొలాన్ని పరాయిపాలు కాకుండా కాపాడింది. అదే అల్లిక కూతురిని వారసత్వానికి దూరంగా ఉంచింది. ఊరివారి జ్ఞాపకమే ఆధారమైన హక్కు అడవి విషయంలో ప్రభుత్వ కాగితం ముందు నిలవలేకపోయింది. అడవి కోసం ఊరంతా కలిసి కోర్టు తీర్పును ఆయుధం చేసుకుంది. కూతురు మాత్రం తన తీర్పును తన వాళ్ల మధ్య ఒంటరిగా అడగాలి. ఆచార హక్కులను అధ్యయనం చేసేటప్పుడు ఈ రెండు పరిస్థితులనూ కలిపి చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'మూడు పొయ్యి రాళ్లు' అంటే ఏమిటి? ఒక్కొక్కదాని పాత్రను వివరించండి.
2. మేనత్త కూతురితో వివాహం ఎందుకు నిషిద్ధం?
3. 'పౌసెయాంగ్'కూ వారసత్వ హక్కుకూ తేడా రాయండి.
4. 1961, 2013 తీర్పుల ఫలితాలు పల్లెలో ఒకే విధంగా అమలు కావడం సాధ్యమా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.