పండుగ షాపింగ్‌కి ముందు బీరువా తెరవండి: జేబుకీ మేలు, సముద్రానికీ మేలు

రంజాన్ నెల సగం దాటిందంటే విశాఖలో బట్టల బజార్లకు ఊపిరి ఆడదు. తరావీహ్ నమాజు అయ్యాక జగదాంబ జంక్షన్, కురుపాం మార్కెట్, గాజువాక దుకాణాల్లో ఎటు చూసినా కుటుంబాలే. పిల్లలకు ఒక జోడా సరిపోదు. ఈద్ రోజు పొద్దున ఒకటి, సాయంత్రం చుట్టాలింటికి ఇంకొకటి, మర్నాడు బీచ్‌కి మరొకటి. పోర్టులో, ఫ్యాక్టరీల్లో రోజు కూలికి వెళ్లే ఇళ్లలో ఈ ఖర్చు చిన్నదేమీ కాదు. చీటీ పాడిన డబ్బు, చేబదులు తెచ్చిన డబ్బు ఈ పది రోజుల్లోనే కరిగిపోతుంది. మూడు నెలలు తిరిగేసరికి ఆ బట్టల్లో సగం బీరువా అడుగున పడి ఉంటాయి.

ఇది ఇంటి లెక్క. దీనికి ఇంకో లెక్క కూడా ఉంది. అది నీటిది, నూనెది, సముద్రానిది.

ఒక చొక్కా వెనక ఏముంది?

ఒక్క కాటన్ టీ షర్టు తయారీకి పత్తి సాగుతో కలిపి దాదాపు 2,700 లీటర్ల నీరు పడుతుందని ప్రపంచవ్యాప్తంగా వాడుతున్న అంచనా. అంటే ఒక మనిషి రెండున్నరేళ్లు తాగే నీళ్లన్నమాట. జీన్స్ ప్యాంటుకైతే సుమారు 7,500 లీటర్లు. భూమిని వేడెక్కించే వాయువుల్లో 2 నుంచి 8 శాతం దాకా బట్టల పరిశ్రమ నుంచే వస్తున్నాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెబుతోంది.

అలాగని కాటన్ మానేసి పాలియెస్టర్ కొంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. పాలియెస్టర్ పుట్టేది ముడి చమురు నుంచి. పెట్రోలు, డీజిలు తీసే నూనెలోంచే రసాయనాలు వేరుచేసి, కరిగించి, దారంగా లాగుతారు. ఒక్క మాటలో చెప్పాలంటే అది ప్లాస్టిక్ దారం. మట్టిలో పడితే పత్తిలా కుళ్లిపోదు. జార్జెట్ ఫ్రాకులు, మెరిసే లెహంగాలు, నిదా బురఖాలు, తక్కువ ధరకు దొరికే పిల్లల షేర్వానీలు చాలావరకు ఈ రకమే.

ఉతికిన నీళ్లు ఎటు పోతాయి?

పాలియెస్టర్ బట్ట ఉతికిన ప్రతిసారీ కంటికి కనిపించని పోగులు ఊడి నీళ్లలో కలుస్తాయి. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం 2016లో దీన్ని కొలిచి చూసింది. 6 కిలోల పాలియెస్టర్ బట్టలు ఒక్కసారి మెషీన్‌లో వేస్తే దాదాపు 5 లక్షల పోగులు, యాక్రిలిక్ బట్టలకైతే 7 లక్షలకు పైగా ఊడే అవకాశం ఉందని తేల్చింది. సముద్రాల్లోకి నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో 35 శాతం దాకా ఇలా ఉతకడం వల్లే వస్తోందని ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ 2017 నివేదికలో అంచనా వేసింది.

విశాఖ వాళ్లకు ఇది దూరపు విషయం కాదు. వన్ టౌన్ వైపు పోర్టు బొగ్గు దుమ్ము, గాజువాక, గంగవరం వైపు ఫ్యాక్టరీల దుమ్ము. తీగ మీద ఆరేసిన బట్ట సాయంత్రానికి మళ్లీ నల్లబడుతుంది. అందుకే ఇక్కడి ఆడవాళ్లు మిగతా ఊళ్లవాళ్ల కంటే ఎక్కువే ఉతకాల్సి వస్తుంది. ఆ నీళ్లు కాలువల్లో పడి ఎక్కడికి చేరతాయో వేరే చెప్పక్కర్లేదు. మన పళ్లెంలోకి చేప వచ్చేదీ ఆ సముద్రం నుంచే.

ఉతికే పద్ధతి కొంచెం మార్చినా తేడా ఉంటుంది. దుమ్ము పడితే ముందు దులిపి, బ్రష్ చేసి చూడాలి. ఒక్క పూట వేసుకున్న బురఖాను ప్రతిరోజూ ఉతకక్కర్లేదు, గాలికి ఆరేస్తే చాలు. మెషీన్‌లో నాలుగు బట్టలు వేసి తిప్పడం కంటే నిండుగా వేయడం మంచిది, రాపిడి తగ్గుతుంది. వేడి నీళ్లు వద్దు, చల్లనీళ్లు చాలు.

చవకే ఖరీదైతే

“మంచి బట్ట కొనే స్తోమత మాకెక్కడిది?” అని చాలామంది అంటారు. ఆ మాటలో నిజం ఉంది. అందుకే ధర ఒక్కటే చూడకుండా, ఎన్నిసార్లు కడతామో కూడా లెక్కేసుకోవాలి. ఉదాహరణకు 700 రూపాయల జార్జెట్ ఫ్రాకు నాలుగుసార్లు వేసి పక్కన పెడితే ఒక్కోసారికి పడింది 175 రూపాయలు. 1,200 రూపాయల కాటన్ చుడీదార్ నలభైసార్లు కడితే ఒక్కోసారికి 30 రూపాయలే. ఇందులో చవక ఏది?

పన్ను లెక్క కూడా తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల దాకా ఉన్న రెడీమేడ్ బట్టకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 2,500 రూపాయల లెహంగా పన్నుతో కలిపి 2,625 అవుతుంది. అదే 2,600 రూపాయలదైతే 3,068. వంద రూపాయల తేడాకు 443 రూపాయలు ఎక్కువ కట్టినట్టు. నికాహ్, వలీమాలకు ఒక్కరోజు కట్టే బరువైన జోడాల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి. అసలు అలాంటి షేర్వానీలు, లెహంగాలు అద్దెకు తీసుకోవచ్చు. ఖాలా కూతురిదో, ఆపాదో తెచ్చుకుని కట్టుకుంటే తప్పేమీ లేదు.

దుకాణంలో ఏం చూడాలి?

కొనే ముందు లోపలి లేబుల్ చదవాలి. “కాటన్ లాంటిది”, “కాటన్ ఫీల్” అంటే కాటన్ కాదు. లేబుల్ లేకపోతే బట్ట మీద ఒక నీటి చుక్క వేసి చూడాలి. కాటన్ త్వరగా పీల్చుకుంటుంది, పాలియెస్టర్ మీద చుక్క జారిపోతుంది. గంజి పెట్టిన కొత్త బట్టకు ఈ పరీక్ష సరిగా తేలకపోవచ్చు. ఇంటికొచ్చాక ఒక పోగు తీసి జాగ్రత్తగా కాల్చినా తెలుస్తుంది. కాటన్ కాగితంలా కాలి బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

కుట్లు దగ్గరగా ఉన్నాయా, లోపల అదనపు గుడ్డ వదిలారా అన్నది తిప్పి చూడాలి. పెరిగే పిల్లలకు గుడ్డ కొని దర్జీ దగ్గర కుట్టిస్తే చంకల దగ్గర, కింద మడతలో ఎక్కువ గుడ్డ వదలమని అడగొచ్చు. వచ్చే ఏడాది విప్పి పొడుగు చేస్తే రెండో ఈద్‌కూ అదే పనికొస్తుంది. వీధి చివర దర్జీకి కూడా నాలుగు రూపాయలు అందుతాయి.

విశాఖ ఉక్కపోతకు కాటన్‌కి మించింది లేదు. పక్కనే శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి, మగ్గం మీద నేస్తున్నారు. ఆ సన్న ఖాదీ ధర అందరికీ అందుబాటులో ఉండదు. కానీ ఆప్కోలో, ఖాదీ దుకాణాల్లో మంగళగిరి, చీరాల కాటన్ తక్కువ ధరల్లోనూ దొరుకుతుంది. ఒకప్పుడు చీరాల తేలియా రుమాళ్లు సముద్రాలు దాటి అరబ్ దేశాల్లో తలపాగాలయ్యాయి. ఆ చేతి పని ఇంకా బతికే ఉంది.

మిల్లు బట్ట కొన్నా దాని వెనక మనిషి ఉంటుంది. అచ్యుతాపురంలో శ్రీలంకకు చెందిన బ్రాండిక్స్ సంస్థ దాదాపు వెయ్యి ఎకరాల్లో పెట్టిన అప్పెరల్ సిటీలో వేలమంది మహిళలు విదేశీ బ్రాండ్లకు బట్టలు కుడుతున్నారు. మన చుట్టుపక్కల ఊళ్ల అమ్మాయిలే. నాలుగుసార్లు వేసి పారేసే బట్టలో అలాంటి చేతుల పని కూడా ఉంటుంది.

పాతవి ఏం చేయాలి?

చెత్తబుట్టలో వేయకూడదు. తడి చెత్తతో కలిసిన బట్ట ఎవరికీ పనికిరాదు. కాపులుప్పాడ డంపింగ్ యార్డుకో, అక్కడి విద్యుత్ ప్లాంటు మంటల్లోకో పోతుంది.

చిరుగు చిన్నదైతే రఫూ చేయించాలి. పెద్దదైతే మాసిక వేయించాలి. ఇది పేదరికానికి గుర్తు కాదు. ప్రవక్త (స) తన బట్టకు తానే అతుకు వేసుకునేవారని హదీసుల్లో ఉంది. దానం చేసేటప్పుడు ఉతికి, గుండీలు కుట్టి, మడతపెట్టి ఇవ్వాలి. మనం తీసుకోవడానికి ఇష్టపడనిది ఇంకొకరి చేతిలో పెట్టడం సదఖా అనిపించుకోదు. పాత కాటన్ దుపట్టాలు, లుంగీలు పసిపిల్లల పొత్తిగుడ్డలకూ, బొంతలకూ బాగుంటాయి. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్లు ఇప్పటికీ వీధుల్లోకి వస్తున్నారు. వాళ్లకిచ్చే బట్టల్లో బాగున్నవి మళ్లీ అమ్ముడుపోతాయి. మన దేశంలో పాత ఉన్ని బట్టల్ని చీల్చి, దారం తీసి, దుప్పట్లు నేసే పని హర్యానాలోని పానిపట్‌లో పెద్ద ఎత్తున నడుస్తోంది.

పిల్లలకు ఎలా చెప్పాలి?

అన్నిటికంటే కష్టమైంది ఇదే. ఈద్గాలో మిగతా పిల్లలంతా మెరిసిపోతుంటే మన పిల్లల ముఖం చిన్నబోతుందేమోనని ఏ అమ్మీకైనా, అబ్బాకైనా భయం ఉంటుంది. పండుగకు కొత్త బట్ట కొనొద్దని ఎవరూ అనడం లేదు. అయితే ఈద్‌కి కొత్తవే కట్టాలన్న నియమం కూడా లేదు. ఉన్నవాటిలో మంచివి, శుభ్రమైనవి కట్టుకోమన్నదే సున్నత్. ఇస్రాఫ్, అంటే దుబారా, అన్నంలోనే కాదు బట్టలోనూ తప్పే.

పిల్లలకు ఒక్క మంచి జోడా వాళ్ల ఇష్టప్రకారమే కొనివ్వండి. రెండోది, మూడోది కొనే ముందు మాత్రం వాళ్లనే కూర్చోబెట్టి బీరువా తెరవండి. ఉన్నవన్నీ మంచం మీద పరిచి, సరిపోయేవి ఒకవైపు, పొట్టివి ఒకవైపు, దర్జీ దగ్గరికి వెళ్లాల్సినవి ఒకవైపు పెట్టమనండి. పొట్టివి చిన్న తమ్ముడికో, బాబాయి పిల్లలకో వెళ్తాయి. తక్కువైనవి ఏమిటో చీటీ మీద రాసి, ఆ చీటీతోనే బజారుకు వెళ్లండి. చీటీలో లేనిది నచ్చితే ఆ రోజు కొనకుండా రెండు రోజులు ఆగండి. అప్పటికీ కావాలనిపిస్తే, కనీసం ముప్పైసార్లు కడతామన్న నమ్మకం ఉంటే, అప్పుడు తీసుకోండి.