పంజరం తలుపు తీసే ముందు...

చూస్తే కుందేలు పిల్ల. తోక చూస్తే ఉడత. చెవులు చూస్తే ఎలుక. ఒంటిమీద చెయ్యి వేస్తే మాత్రం పట్టు కూడా దిగదుడుపే! అదే చించిల్లా. అమెరికా, యూరప్‌ దేశాల్లో చాలా ఇళ్లలో ముద్దుగా పెంచుకునే బుల్లి జంతువు. రోజూ కాసేపు పంజరం నుంచి బయటికి వదిలితే గానీ దానికి తోచదు. వదిలితేనేమో... పెంచేవాళ్లకి రెప్ప వేసే తీరికుండదు!

పొద్దుగూకిందంటే చించిల్లాకి తెల్లవారినట్టే. పగలంతా ఓ మూల ముడుచుకుని కునుకు తీసిన జీవి ఒళ్లు విరుచుకుని లేస్తుంది. ముందుకాళ్లతో ఊచలు పట్టుకుని నిలబడి ఇంట్లోవాళ్ల వంక చూస్తుంది. ఎవరూ పట్టించుకోకపోతే ఊచలు కొరకడం మొదలు. ‘నన్ను బయటికి వదలండి’ అని దాని గోల. తీరా తలుపు తీశాక ఆ సందడే వేరు. నేల మీంచి సోఫా మీదికి, సోఫా మీంచి గోడకేసి... గోడని కాళ్లతో తన్ని గాల్లోనే పక్కకి! అరకిలో అటూఇటూగా తూగే ఈ ప్రాణి నాలుగైదు అడుగుల ఎత్తుకి అలవోకగా ఎగురుతుంది.

కొండల్లో పుట్టిన కాళ్లు

ఆ గంతులు ఊరికే రాలేదు. చించిల్లాల సొంతూరు దక్షిణ అమెరికాలోని ఆండీస్‌ పర్వతాలు. రాళ్ల సందుల్లో గుంపులుగా బతికే ఈ జీవులకు నక్కలూ గుడ్లగూబల నుంచి తప్పించుకోవాలంటే ఒకటే దారి... ఒక బండ మీంచి ఇంకో బండ మీదికి దూకడం. అక్కడి చలిని తట్టుకోవడానికి ప్రకృతి వాటికి ఇచ్చిన కోటు ఒత్తయిన బొచ్చు. మన తలమీద ఒక్కో కుదురు నుంచి ఒకటో రెండో వెంట్రుకలు వస్తే, దీని ఒంటిమీద ఒకేచోటు నుంచి యాభైకి పైగా మొలుస్తాయి.

ఆ బొచ్చే దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఒక్క పొడవాటి కోటు కుట్టాలంటే వందకుపైగా చించిల్లాలను చంపాలి. వేట ఎంతగా పెరిగిందంటే... 1910లో చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా దేశాలు కలిసి దాన్ని ఆపేందుకు ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఆ తరవాత 1923లో మథియాస్‌ చాప్‌మన్‌ అనే అమెరికన్‌ మైనింగ్‌ ఇంజినీరు పదకొండు చించిల్లాలను ఓడలో కాలిఫోర్నియా తీసుకెళ్లాడు. ఆయన ఉద్దేశమూ బొచ్చు వ్యాపారమే. ఇప్పుడు ఇళ్లలో గంతులేస్తున్నవాటిలో చాలావరకూ ఆ పదకొండింటి వారసులేనంటారు. అడవిలో మిగిలిన రెండు జాతులూ అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో ఉన్నాయి. వాటికోసం చిలీ ప్రభుత్వం 1983లో ఇల్లపెల్‌ దగ్గర ప్రత్యేకంగా ఓ అభయారణ్యాన్నే ఏర్పాటుచేసింది.

అంటే, పంజరంలో పుట్టినా ఆ కాళ్లు కొండల కోసం తయారైనవే. ఎంత పెద్ద పంజరమైనా వాటికి చాలదు. రోజూ సాయంత్రం అరగంటో గంటో బయట తిరగనిస్తేనే ఒంటికీ మనసుకీ ఆరోగ్యం. లేదంటే దిగులుతో తన బొచ్చు తానే కొరుక్కునే చించిల్లాలూ ఉంటాయి.

నేలమీద కూర్చుని చూడండి

అలాగని తెచ్చిన రోజే తలుపు తీసేయకూడదు. కొత్తచోటు, కొత్త మనుషులు... భయంతో ఏ బీరువా వెనకో దూరిందంటే బయటికి రప్పించడం బ్రహ్మతరం కాదు. పేరు పెట్టి పిలిస్తే దగ్గరికి రావాలి, చేతిలో పెట్టింది తినాలి. ఆ నమ్మకం కుదరడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. మరీ పిల్లవైతే తొందరగా అలసిపోతాయి, మొదట్లో పది నిమిషాలు చాలు.

ఆటకి ఇల్లంతా అక్కర్లేదు. తలుపు మూసే వీలున్న చిన్నగది ఒక్కటి చాలు. వదిలేముందు పెద్దవాళ్లు ఓ పని చేయాలి. మోకాళ్లమీద కూర్చుని, చించిల్లా ఎత్తు నుంచి గదిని చూడాలి. నిలబడి చూస్తే కనిపించని ప్రమాదాలన్నీ అప్పుడు బయటపడతాయి.

మొదటిది కరెంటు వైరు. చించిల్లా పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలంటే ఏదో ఒకటి కొరకాల్సిందే. ఫోను ఛార్జరైనా టీవీ వైరైనా దానికి ఒకటే. షాక్‌ కొడితే క్షణాల్లో ప్రాణం పోతుంది. రెండోది ప్లాస్టిక్‌, రబ్బరు, స్పాంజి. ఈ జీవులకు వాంతి చేసుకోవడం చేతకాదు. మింగిన ముక్క పేగుల్లో అడ్డుపడితే ఆపరేషనే గతి. కుండీల్లోని మొక్కలూ పాతరంగుల పెచ్చులూ కూడా అంతే ప్రమాదం. మూడోది సందులు. బొద్దుగా కనిపించేదంతా బొచ్చే. తల పట్టిందంటే ఒళ్లంతా దూరిపోతుంది. ఫ్రిజ్‌ వెనక, వాషింగ్‌ మెషీన్‌ కింద ఖాళీలను అట్టలతో గట్టిగా మూసేయాల్సిందే.

కొందరు బాత్‌రూమ్‌నే ఆటస్థలం చేస్తారు. వైర్లు ఉండవు, దాక్కునే చోట్లూ తక్కువ. మంచి ఆలోచనే... కమోడ్‌ మూతవేసి, బకెట్లో నీళ్లు పారబోసి, సబ్బులూ క్లీనర్లూ తీసేస్తే. పిల్లీ కుక్కా ఎంత సాధువులైనా ఆ గంటసేపు వేరే గదిలో ఉండాలి. మనుషులు నేలమీదే కూర్చోవడం మంచిది. నిలబడి తిరిగితే కాలికింద పడే ప్రమాదం, సోఫాలో కూలబడితే దిండు వెనక నలిగిపోయే ప్రమాదం. తలుపు వేసే ప్రతిసారీ అదెక్కడుందో చూసుకోవాలి.

వెంటపడితే... జుట్టు చేతికి!

ఆట అయిపోయింది. మరి లోపలికి పంపేదెలా? పిల్లలు చేసే పొరపాటు ఇక్కడే... వెంటపడి పట్టుకోబోతారు. కొండల్లో వెంటపడేది శత్రువే కాబట్టి చించిల్లా అక్కడి ఉపాయాన్నే వాడుతుంది. పట్టుకున్నచోట బొచ్చు గుప్పెడు వదిలేసి పారిపోతుంది. అది మళ్లీ పెరగడానికి నెలలు పడుతుంది. పోయిన నమ్మకం తిరిగి రావడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. తోక చివర పట్టుకుని లాగడమైతే అసలు పనికిరాదు.

దానికి బదులు చిన్న ఉపాయం ఉంది. చించిల్లాలు నీళ్లతో స్నానం చేయవు. ఒత్తయిన బొచ్చు తడిస్తే ఆరదు, చర్మానికి జబ్బులొస్తాయి. అందుకే వాటికోసం అమ్మే మెత్తని బూడిదలాంటి పొడిలో పొర్లుతాయి. వాటికి అదో పండగ. ఆట ముగిసే సమయానికి ఆ పొడి గిన్నెను పంజరంలో పెడితే తామే లోపలికి దూకుతాయి. చిటికెడు ఓట్స్‌ ఆశ చూపించినా సరే. ఎండు ద్రాక్షలాంటి తీపి వస్తువులు పెట్టకపోవడమే మేలు, వాటి పొట్టకి పడవు.

చెవులు ఎర్రబడితే ఆపేయాలి

అన్నిటికన్నా పెద్ద శత్రువు వేడి. ఒంటికి చెమట పట్టదు, పైన మందపాటి కోటు. గది ఇరవై డిగ్రీలకు అటూఇటూగా ఉంటే హాయి. పాతిక దాటితే గండం. పరుగెత్తి పరుగెత్తి చెవులు ఎర్రబడ్డాయంటే ఆట ఆపి చల్లనిచోట ఉంచాలి. పక్కకి ఒరిగిపోయినా, చొంగ కార్చినా వెంటనే పశువైద్యుల దగ్గరికి పరుగెత్తాలి. హామ్‌స్టర్లను పెట్టి దొర్లించే ప్లాస్టిక్‌ బంతులు చించిల్లాకి వాడకూడదనేది ఇందుకే. లోపల గాలి ఆడదు, వేడి పోదు.

వేసవిలో నలభై దాటే మన విజయవాడకో రామగుండానికో ఈ జీవి సరిపడదని చెప్పేది కూడా ఈ లెక్కే. రాత్రింబవళ్లు ఏసీ ఉండాలి, కరెంటు పోకూడదు, చించిల్లా వైద్యం తెలిసిన డాక్టరు అందుబాటులో ఉండాలి. ఫొటో చూసి ముచ్చటపడి తెచ్చుకుంటే ఆ ముచ్చట మొదటి మే నెలదాకానే. అన్నట్టు, చించిల్లా బొచ్చు దిగుమతిని మన దేశం 2017లో నిషేధించింది.

మన ఇళ్లలో కుందేళ్లనూ గినీపిగ్స్‌నీ పెంచేవాళ్లకి మాత్రం ఈ జాగ్రత్తలు చాలావరకూ పనికొస్తాయి. వైర్లు కొరకడం, సందుల్లో దూరడం, వెంటపడితే బెదరడం... వాటికీ ఉన్నదే.

చించిల్లా ఆయుష్షు తక్కువేం కాదు. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు. ఐదో తరగతి పిల్ల అడిగిందని తెస్తే, ఆ పిల్ల ఉద్యోగంలో చేరేనాటికీ అది పంజరంలోంచి చూస్తూనే ఉంటుంది. అప్పుడు కూడా సాయంత్రమయ్యేసరికి తలుపు తీసి, నేలమీద కూర్చుని, గంటసేపు దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఎవరు? కొనేముందు ఇంట్లో తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న అదే!